పొట్టు రాలే స్వామి

మా ఇంటి మగ్గం మీదికి ఎప్పుడూ తెల్ల చీరలే వస్తాయి. తెల్లవి, తప్పితే గంధం రంగువి. ధర్మవరంలో ఏ ఇంట్లో తొంగిచూసినా నెమలికంఠం, కుంకుమ రంగు, వంకాయ రంగు పట్టు మెరుస్తుంటుంది. మా మగ్గం మాత్రం బోసిగా ఉంటుంది. కారణం చెప్పడానికి మాకు నేత పనిచ్చే షావుకారుకు మొహమాటం, అడగడానికి మా ఆయనకు సిగ్గు. నాకు ఆ రెండూ లేవు కాబట్టి నేనే చెబుతున్నాను. ముదురు రంగు మీద ఆయన ఒంటి పొట్టు రాలితే కనిపిస్తుంది. తెల్లదాని మీద కనిపించదు.

మా ఆయన పేరు జయరాముడు. నా పేరు ప్రమోద. ఆయనకున్నది సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, వీపు, తల, ఈ మధ్య పాదాలు, అరచేతులు కూడా. చర్మం ఎర్రగా పొంగి, పైన తెల్లగా పొట్టు కడుతుంది. వేయించిన శనక్కాయలు నలిపినప్పుడు రాలినట్టు రాలుతుంది. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు చెప్పారు. ఇన్నేళ్లుగా ఒకే పడక మీద పడుకుని, ఒకే దువ్వెన వాడి నేను రుజువు కూడా చేశాను. నా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. అయినా ఎదురింటి అక్కమ్మ ఆయనకు మజ్జిగ ఇవ్వాలంటే పారేసే ప్లాస్టిక్ గ్లాసు వెదుకుతుంది. మంగలి షాపుకు పోతే ఏ వారమైనా సరే, ఆ రోజు సెలవే. ఆయన జుట్టు నేనే కత్తిరిస్తాను. వంకరటింకరగా వస్తుంది. కానీ చూసేవాళ్లెవరు?

మా అక్క రాధ పెనుకొండలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. పంక్తిలో అందరితో పాటు కూర్చున్న మా ఆయన దగ్గరికి మా బావ నరసింహ వచ్చి, "అలిసిపోయినట్టుండావు జయరాముడూ, మేడ మీద చల్లగా కూర్చుని తిను పో" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, మేడ మీద చల్లగానట! నేను గొడవకు లేవబోతే ఆయన నా కొంగు పట్టుకుని ఆపాడు. విస్తరాకు తనే తీసుకుని పైకి పోయి, నీళ్ల ట్యాంకు నీడలో ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఆ సాయంత్రం పెనుకొండ బస్టాండు దగ్గర తాగడం మొదలుపెట్టినవాడు ధర్మవరంలో దిగేసరికి నిలబడలేకపోయాడు.

అంతకు ముందు తాగేవాడు కాదని నేననను. అప్పుడప్పుడూ అందరిలాగే. ఆ రోజు నుంచి మాత్రం పొద్దున లేచి మొహం కడుక్కోకముందే కావలసి వచ్చింది. లేకపోతే చెయ్యి వణికి, పోగుల మధ్య అటూఇటూ ఆడించే నాడె జారి కింద పడేది.

"తాగితే నవ తెలీదు మే. ఒళ్లు నాది కానట్టుంటాది" అనేవాడు, వీపు గోడకేసి రుద్దుకుంటూ.

తెల్లారేసరికి ఆ దురద రెట్టింపయ్యేది. తాగితే జబ్బు ముదురుతుంది, జబ్బు ముదిరితే తాగుతాడు. గానుగెద్దు నయం, దానికి సాయంత్రమైనా విప్పుతారు.

ఇంకో మాట అనేవాడు. "నేను సస్తే నలుగురిని పిలిచి ఇబ్బంది పెట్టొద్దు. ఈ ఒంటిని ఎవురు పట్టుకుంటారు? ఈ గుంతలోనే వేసి మన్ను కప్పెయ్యి." గుంత అంటే మగ్గం ముందు కాళ్లు వేలాడేసి కూర్చునేది. మొదట్లో తాగిన మాటలనుకుని, "నీ పొడుగుకు ఆ గుంత చాలదులే" అని వెక్కిరించేదాన్ని. తాగనప్పుడు కూడా అనడం మొదలుపెట్టాక వెక్కిరించడం మానేశాను. మగ్గమన్నాక దూలం నుంచి తాళ్లు వేలాడుతూనే ఉంటాయి. వాటిని తీసి దాచలేను. పక్క వీధికి పనికి పోయినా, ఏదో వంక చెప్పి మధ్యలో పరిగెత్తుకొచ్చి, కిటికీలోంచి తొంగిచూసి, నాడె చప్పుడు వినిపిస్తే వెనక్కి పోయేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే. ఈ మనిషి బతకాలి, బతకాలని ఆయనకే అనిపించాలి.

హిందూపురంలో చర్మం డాక్టరుకు చూపించాం. "పైపూతలతో లాభం లేదమ్మా, మంచి మాత్రలున్నాయి. కానీ తాగుతూ వేసుకుంటే లివర్ పోతుంది. తాగడం మానేసి రండి, రాసిస్తాను" అన్నాడు. చెప్పులు బయట విడిచి రండి అన్నంత తేలిగ్గా అన్నాడు. మేము తలూపి వచ్చేశాం.

మా ఊళ్లో తాగుడు మానాలంటే ఆస్పత్రికి పోరు, అయ్యప్ప మాల వేసుకుంటారు. కార్తీకం వచ్చిందంటే వైన్‌షాపు ముందు గుంపులో సగం మంది నల్లబట్టలు కట్టి గుడి ముందు తేలుతారు. మండలం రోజులు చుక్క ముట్టరు. మాల తీసిన పూటే మళ్లీ షాపు దారి పట్టేవాళ్లున్నారు, పూర్తిగా మానేసినవాళ్లూ ఉన్నారు. కిరాణా కొట్టు హరికృష్ణ అలా మానేసినవాడే. ఇప్పుడు మా వీధిలో మాలలు వేయించి దీక్ష నడిపించే గురుస్వామి ఆయనే.

"మాల వేసుకోప్పా జయరాముడూ. నీ తాగుడు అయ్యప్ప చూసుకుంటాడు. దీక్ష అయినాక పోయి మాత్రలు రాయించుకుందువు" అన్నాడు. మనసు మంచిది, అందులో అనుమానం లేదు. నాకైతే ఆ మాట దేవుడు పంపినట్టే ఉంది.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "నా ఒళ్లు ఇట్లుండాది కదన్నా. గుళ్లోకి రానిస్తారా?"

"మాల పడినాక నువ్వు జయరాముడివి కాదు, స్వామివి. స్వామిని ఎవురు వద్దంటారు?"

సోమవారం తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, నల్ల పంచె కట్టి, మాల వేయించుకుని వచ్చాడు. గుమ్మం ముందు నిలబడ్డాడో లేదో, ఎదురింటి అక్కమ్మ వచ్చి "స్వామి శరణం" అంటూ వంగి రెండు చేతులతో పాదాలు పట్టుకుంది. ప్లాస్టిక్ గ్లాసు అక్కమ్మే. పాదాల మీది పొట్టు ఆమె గాజులకు అంటుకుంది. ఆమె చూసుకోలేదు. ఆయన మాత్రం చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. మా పెళ్లినాడు కూడా ఆ మొహంలో అంత సంతోషం లేదు, నిజం చెప్పాలంటే.

"అక్కమ్మ ముట్టుకునింది, చూసినావా?" అన్నాడు లోపలికి వచ్చాక గుసగుసగా.

"చూసినా స్వామీ" అన్నాను. దీక్షలో ఉంటే పెళ్లాం కూడా స్వామి అనే అనాలి, దూరంగానే ఉండాలి. ఉంటాను. ఎంత దూరమైనా ఉంటాను, మనిషి బాగుపడితే అంతే చాలు.

మరునాటికి వణుకు మొదలైంది. కంటి మీద కునుకు లేదు. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపు సగం రాలిపోయేది. చన్నీళ్ల స్నానం కదా, కార్తీకం చలి కదా అన్నారు అందరూ. చలికి వణుకు సరే, చెమట ఎందుకు పడుతుంది? నల్ల పంచె తడిసి ముద్దవుతుంటే గురుస్వామిని అడిగాను. "లోపలుండే విషం బయటికి పోతాండాదమ్మా, మంచిదే" అన్నాడు. తనకు కూడా అప్పట్లో కాస్త వణికిందట, తగ్గిపోయిందట. నమ్మాను. ఎందుకు నమ్మను? మానేసిన మనిషి కళ్ల ముందు నిలబడి చెబుతున్నాడు.

మూడోనాడు పెనుకొండ నుంచి మా బావ ఫోను. స్వాములకు తమ ఇంట్లో మధ్యాహ్నం భిక్ష, అంటే భోజనం, పెట్టుకుంటారట. జయరాముడు స్వామి తప్పకుండా రావాలట. ఒంట్లో బాగాలేదు, వద్దులే స్వామీ అని మా ఆయనతో అన్నాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, చెయ్యి వణికి విభూతి కనుబొమ్మల మీదికి జారింది.

"పోవాల్సిందే. ఆ ఇంటికి పోవాల్సిందే" అన్నాడు.

మా వీధి సుభాన్ అన్న ఆటోలో బయలుదేరాం. రోజూ షావుకార్ల ఇళ్లకు చీరల మూటలు తోలే ఆటో అది. నేను, ఆయన, గురుస్వామి. దారంతా ఆయన పంచె మీద ఏదో ఏరి బయటికి విసురుతూనే ఉన్నాడు. అక్కడేమీ లేదు.

అక్కావాళ్ల హాల్లో పీట వేసి, ముందు ఇత్తడి తాంబాళం పెట్టి ఉంచారు. మా బావ మోకాళ్ల మీద కూర్చుని ఆయన పాదాలు అందులో పెట్టించి కడిగాడు. పైపైన కాదు, వేళ్ల సందుల్లో కూడా. కడిగిన నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు. పక్కన మా అక్క పసుపు పట్టుకుని నిలబడింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బావను ఆ తాంబాళంతోనే ఒకటి వెయ్యాలనీ అనిపించింది. ఆ మేడ మెట్లు నాకు ఎదురుగానే ఉన్నాయి మరి.

పసుపు పెట్టడానికి అక్క వంగిందో లేదో, ఆయన ఒళ్లంతా ఒక్కసారి ఊగిపోయింది. కళ్లు మాలో ఎవరినీ చూడటం లేదు. రెండు చేతులూ గాల్లోకి లేచి అటూఇటూ ఆడసాగాయి. తాంబాళంలో పాదాలు ఒకటి మార్చి ఒకటి తొక్కుతున్నాయి. నీళ్లు చింది మా బావ మొహాన పడ్డాయి.

"స్వామి వచ్చినాడు!" అని ఎవరో అరిచారు. "స్వామియే శరణమయ్యప్ప!" ఇల్లంతా మారుమోగింది. ఎవరో కర్పూరం వెలిగించారు. ఇరుగుపొరుగు వాకిట్లోకి చేరారు.

మా బావ చేతులు జోడించాడు. "స్వామీ, ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఏదీ కలిసి రాలేదు. ఏం చెయ్యమంటావు, చెప్పు స్వామీ!"

ఆయన పెదాలు కదిలాయి. "దులపండి" అన్నాడు. "పడతాండాది. అంతా పడతాండాది. దులపండి, దులపండి!"

"పాపాలు దులుపుకోమంటాండాడు!" అన్నాడు గురుస్వామి. అంతే. హాల్లో ఉన్నవాళ్లంతా భుజాలు, చీరకొంగులు, తలలు దులుపుకోవడం మొదలుపెట్టారు. మా బావ కండువాతో వీపు దులుపుకున్నాడు. మా అక్క లోపలి గదిలోకి పరిగెత్తి పరుపు మీది దుప్పటి తెచ్చి దులిపింది.

నేను దులుపుకోలేదు. నేను ఆ చేతుల్నే చూస్తున్నాను. కుడిచెయ్యి నాడె విసిరింది. ఎడమచెయ్యి అందుకుంది. మధ్యలో ఆగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తెగిన పోగు అతికాడు. కాళ్లు మగ్గం చెక్కలు తొక్కుతున్నాయి. తర్వాత అరచేత్తో ఎదురుగా గాలిని తుడిచాడు, మెల్లగా, పట్టు నలగకుండా. పొద్దుపొడిచింది మొదలు మా ఇంట్లో ఆయన చేసే పని అదే. నేస్తున్నాడు. ముదురు రంగు చీరేదో నేస్తున్నాడు, దాని మీద తన పొట్టు పడుతోంది, దులపమని బతిమాలుతున్నాడు. ఏ దేవుడు వచ్చి నా మొగుడి మగ్గం నేస్తాడు?

"దేవుడు కాదు! ఆయనకేదో అయింది, ఆస్పత్రికి పోదాం పట్టండి!" అని అరిచాను. శరణుఘోషలో నా గొంతు ఎవరికి వినపడుతుంది? పీట దగ్గరికి పోయి భుజం పట్టుకోబోతే గురుస్వామి అడ్డం వచ్చాడు.

"ముట్టుకోవాకమ్మా! స్వామి దిగేదాకా ఎవురూ ముట్టుకోకూడదు."

నిన్నటిదాకా చర్మం చూసి ముట్టుకోలేదు, ఇప్పుడు మాల చూసి ముట్టుకోవద్దంటున్నారు. ఈ మనిషిని మనిషిగా పట్టుకునే దినం ఎప్పటికీ రాదా?

అప్పుడే ఆయన కట్టెలా బిగుసుకుని పక్కకు పడ్డాడు. తల తాంబాళం అంచుకు తగిలింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. స్వామి దిగుతున్నాడని దూరం జరిగి దండాలు పెట్టారు. నేను తల ఒళ్లోకి తీసుకుని గేటు వైపు చూసి "సుభానన్నా!" అని కేక వేశాను. సుభాన్ అన్న గుంపును తోసుకుంటూ వచ్చి చూసి ఒక్కటే మాట అన్నాడు.

"ఇది ఫిట్స్ చెల్లెమ్మా. లెయ్, తల నువ్వు పట్టు."

"మాలతో ఆస్పత్రికి పోకూడదు" అన్నాడు గురుస్వామి. ఆయన మొహంలో కూడా భయమే ఉంది, చెడ్డతనం కాదు. "ఆడ రక్తం, మైల. మాల తీయాలంటే విధి ఉండాది. మధ్యలో తీస్తే అరిష్టమమ్మా."

"అయితే నువ్వే తీయి."

"నేను తీయను తల్లీ. నా చేత కాదు."

"ఆ అరిష్టమేదో నాకే తగలనీ" అని మాలను పట్టుకుని లాగాను. తెగి, పూసలు తాంబాళం నీళ్లలో, నేల మీద చెల్లాచెదురుగా దొర్లాయి. మా అక్క చెవులు మూసుకుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తల నేను, కాళ్లు సుభాన్ అన్న, ఇద్దరమే మోసుకుని ఆటోలో వేశాం. సుభాన్ అన్న ఖాకీ చొక్కా నిండా పొట్టు. దులుపుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆయనకు.

పెనుకొండ ఆస్పత్రిలో ఒక సూది వేసి హిందూపురం తీసుకుపొమ్మన్నారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. మంచానికి చేతులు గుడ్డతో కట్టించింది. కట్టినా వేళ్లు పోగులు అతుకుతూనే ఉన్నాయి.

"రోజూ తాగేవాడా? ఎప్పుడు మానాడు?"

"సోమవారం. మాల వేసుకుని."

"ఇంతగా అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానకూడదమ్మా. మెదడు తట్టుకోలేదు, ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పత్రిలో చేర్చి, మందులిస్తూ మాన్పించాలి. ఎవరూ చెప్పలేదా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మానమని చెప్పినారమ్మా! డాక్టరు చెప్పినాడు, గురుస్వామి చెప్పినాడు, నేను చెప్పినా, మా ఊరంతా చెప్పినాది. ఎట్ల మానాలో మాత్రం ఒక్కరు చెప్పలేదు. చర్మానికొకరు, తాగుడుకొకరు, మనసుకొకరు అని మనిషిని పంచుకున్నారే, మొత్తం మనిషిని చూసేవాళ్లు ఎవురమ్మా?"

ఆమె తల దించుకుంది. "చెప్పి ఉండాల్సింది" అంది. ఆ ఒక్క మాటకు నా కోపం దిగిపోయి ఏడుపు మిగిలింది.

చాలా రోజులు తెలివి లేదు. ఒకరోజు అక్క ఫోను చేసింది. ఎలా ఉన్నాడని అడుగుతుందనుకున్నాను. "స్వామి చెప్పినట్టే ఇల్లంతా దులిపించినాము మే. ఇంకేమన్నా పలికినాడా అని మీ బావ అడుగుతాండాడు" అంది. చూడ్డానికి రారా అంటే, మాల తెంచిన అరిష్టం కదా, కొన్నాళ్లు పోనీ అంది. ఫోను పెట్టేశాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

ఆయనకు తెలివి వచ్చిన పొద్దున, చేతుల కట్లు విప్పగానే మొదట చేసిన పని మెడ తడుముకోవడం.

"మాల యాడ?"

"నేనే తెంచినా."

కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

"ఎందుకు తెంచినావే? ఆ పీట మీదనే పోయింటే స్వామి అని దండలేసి మోసుకుపోయేవాళ్లు. మీ బావ మోసేవాడు. అక్కమ్మ కాళ్లకు మొక్కేది. ఇప్పుడు సస్తే నన్నెవురు ముట్టుకుంటారు?"

గుంత చాలన్న మనిషివి, దండలు కావాల్సి వచ్చినాయా అని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఆయన అడిగింది నిజం. ఆ మూడు రోజులు అందరూ ముట్టుకున్నారు. ఇక ముట్టుకోరు. డాక్టరమ్మ చర్మం మాత్రలు రాయిస్తానంది, మనసు డాక్టరుకు కూడా చూపిస్తానంది, తాగుడు మళ్లీ లాగుతుందని కూడా చెప్పింది. నిన్న మగతలోనే ఒక క్వార్టరు తెమ్మని నర్సును బతిమాలాడు. రేపు ఇంటికి పోతే అదే వీధి, అదే షాపు, అదే తెల్ల చీర. దూలానికి అవే తాళ్లు.

"నలుగురెందుకు?" అన్నాను చివరికి. "మొన్న ఇద్దరమే మోసినాము. తల నేను, కాళ్లు సుభానన్న. చాలినాము కదా."

ఆయన నన్ను చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. ముడుచుకుని ఒక పక్కకు జరగబోయాడు. నేను మంచం మీద కూర్చోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు మే. దుప్పటంతా పొట్టుండాది. దులిపి కూర్చో."

నేను దులపలేదు. అట్లాగే కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను.